బీన్స్ జాడీ: రెండు చలికాలాల వాడకం తర్వాత

అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంవారు ‘బీన్ పాట్’ అని పిలిచే కుండను దుకాణంలో మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మ ఆవకాయ జాడీ గుర్తుకు వచ్చింది. అదే నునుపైన మెరుపు, పై సగాన ముదురు గోధుమ రంగు, కింది సగాన మీగడ రంగు, చేతిలోకి తీసుకుంటే అదే బరువు. తేడా అంతా ఆకారంలోనే ఉంది. ఊరగాయ జాడీ నిటారుగా నిలబడితే, దీనికి బానవంటి పొట్ట, ఇరుకైన మూతి, మెడకు ఇరువైపులా చిన్న చెవులు, పైన గుండీ ఉన్న మూత ఉంటాయి. బోస్టన్‌కు పడమరగా మేము ఉంటున్న ఊరికి దగ్గరలోని ఒక వంటసామాను దుకాణంలో దీన్ని 58 డాలర్లకు కొన్నాను. రెండున్నర క్వార్టుల కుండ, అంటే సుమారు 2.4 లీటర్లు పడుతుంది. రెండు చలికాలాలుగా నెలకు ఒకటి రెండు సార్లు ఇందులో బోస్టన్ బేక్డ్ బీన్స్ వండుతున్నాను కనుక, ఇప్పుడు దీని గురించి నమ్మకంగా రాయగలననిపిస్తోంది.

బేక్డ్ బీన్స్ అనగానే మనలో చాలామందికి తట్టేది డబ్బాలో వచ్చే, టమాటా రసంలో తేలే నారింజరంగు గింజలే. ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్ళకు ఉదయం కాల్చిన రొట్టె మీద వేసుకునే ఆ గింజలు బాగా పరిచయం. వాటిలో ఎక్కువ భాగం పేరుకు బేక్డ్ అయినా డబ్బాలోనే ఆవిరి వేడికి ఉడికినవి తప్ప పొయ్యిలో కాలినవి కావు. బోస్టన్ పద్ధతి వేరు. ఇందులో టమాటా ఉండదు. బఠాణీ అంత పరిమాణంలో ఉండే తెల్లని నేవీ బీన్స్, చెరకు పంచదార తీయగా మిగిలిన నల్లని మొలాసిస్, ఆవపొడి, ఉల్లిపాయ, ఉప్పులో ఊరిన పంది కొవ్వు ముక్క కలిపి, మూత పెట్టి, సన్నని వేడి మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచుతారు. తీసేసరికి గింజలు దాల్చినచెక్క రంగుకు తిరిగి, చెక్కుచెదరకుండా, నోట్లో మాత్రం వెన్నలా విడిపోవాలి. రసం చిక్కగా గింజను అంటి ఉండాలి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన ప్యూరిటన్లు అనే నిష్ఠగల క్రైస్తవ శాఖవారు శనివారం సూర్యాస్తమయం నుంచే విశ్రాంతిదినం పాటించేవారు, ఆ సమయంలో వంట చేయరాదు గనుక ముందే కుండను ఇటుకల పొయ్యిలోకి నెట్టి, చల్లారుతున్న వేడి మీదే శనివారం రాత్రికీ ఆదివారానికీ భోజనం సిద్ధంగా ఉండేలా చూసుకునేవారు. మాసచుసెట్స్ రాష్ట్రం 1993లో ఈ నేవీ గింజను తన అధికారిక గింజగా ప్రకటించింది.

కుండ గుణదోషాలకు ముందు, దానితోపాటు పెట్టెలో వచ్చిన కాగితం గురించి చెప్పాలి. నా మొదటి ప్రయత్నం పాడవడానికి కుండ కారణం కాదు, ఆ కాగితమే. గింజలను రాత్రంతా నానబెట్టి, ఉదయం నీళ్ళు వంచి, మొలాసిస్‌తో సహా అన్నీ ఒకేసారి కుండలో వేసి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో ఎనిమిది గంటలు ఉంచమని అందులో రాశారు. నేను అక్షరం తప్పకుండా అలాగే చేశాను. ఎనిమిది గంటలకు గింజ పలుకుగా ఉంది, పదకొండు గంటలకు కూడా పలుకుగానే ఉంది. ఇంటికి భోజనానికి పిలిచిన నలుగురికీ ఆ రాత్రి చారన్నం పెట్టవలసి వచ్చింది. దుకాణానికి ఈ సంగతి రాశాను, సమాధానం వచ్చింది కానీ కాగితం మాత్రం మారలేదు. ఈ మధ్య అదే కుండ కొన్న స్నేహితురాలికీ అదే కాగితం అందింది.

నాకు కోపం కన్నా సిగ్గు ఎక్కువగా కలిగింది, ఎందుకంటే ఇది నాకు ముందే తెలిసి ఉండవలసిన విషయం. పరమాన్నం వండేటప్పుడు బియ్యం మెత్తబడకముందే బెల్లం వేస్తే ఆ మెతుకు ఇక ఉడకదని మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. బొబ్బట్ల పూర్ణానికి శనగపప్పు ఉడికిన తర్వాతే బెల్లం కలుపుతాం. కందిపప్పు ఉడకకముందు చింతపండు రసం పోయం. మొలాసిస్‌లో మూడు అడ్డంకులు కలిసి ఉన్నాయి. అందులో తీపి ఉంది, అది గింజలోకి నీరు చేరడాన్ని, పిండి పొంగడాన్ని నెమ్మదింపజేస్తుంది. స్వల్పంగా పులుపు గుణం ఉంది, దానివల్ల గింజ కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ కరగడానికి మొరాయిస్తుంది. వీటికి తోడు కాల్షియం బాగా ఉంది, అది పెక్టిన్‌ను మరింత గట్టిగా బిగించివేస్తుంది. అందుకే పచ్చి గింజ మొలాసిస్‌లో పడితే గంటల తరబడి ఉంచినా సరిగా ఉడకదు, ముందే ఉడికిన గింజ పడితే మాత్రం ఎనిమిది గంటలైనా చితకదు. ఈ వంటలోని కిటుకంతా ఇదే. గింజను మెత్తబరిచే పని కుండలోకి వెళ్ళకముందే పూర్తికావాలి, కుండ చేసేది ఆ మెత్తదనాన్ని చెదరకుండా కాపాడుతూ రుచిని లోపలికి పట్టించడం.

ఉప్పు విషయంలో మాత్రం మన ఇళ్ళలోని నమ్మకాన్ని వదులుకోవలసి వచ్చింది. ముందుగా ఉప్పు వేస్తే గింజ ఉడకదని నేనూ నమ్మేదాన్ని. నిజానికి నానబెట్టే నీళ్ళలోనే ఉప్పు వేస్తే, అందులోని సోడియం గింజ తొక్కలోని కాల్షియం, మెగ్నీషియంల స్థానాన్ని కొంత ఆక్రమించి తొక్కను మెత్తబరుస్తుంది, గింజలు పగలడం కూడా తగ్గుతుంది. అందుకని ఇప్పుడు ఒక పౌను గింజలకు, అంటే సుమారు 450 గ్రాములకు, రెండు లీటర్ల నీళ్ళు, ఒకటిన్నర పెద్ద చెంచాల ఉప్పు వేసి రాత్రంతా నానబెడుతున్నాను. మరునాడు ఆ నీళ్ళు వంచి, గింజలు కడిగి, మంచినీళ్ళు పోసి గలగలా మరిగిస్తాను. రుచికోసమే కాదు, క్షేమం కోసం కూడా ఈ మరిగించడం తప్పనిసరి. రాజ్మా, నేవీ గింజలు ఒకే జాతి మొక్కవి. ఈ జాతి పచ్చి గింజల్లో వాంతులు, విరేచనాలు కలిగించే లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, ఎర్ర రాజ్మాలో ఎక్కువ, తెల్ల గింజల్లో తక్కువ. బాగా మరిగే నీటిలో అది నశిస్తుంది, సన్నని వేడిలో నశించదు. నానిన గింజలను మరిగించకుండా నేరుగా తక్కువ వేడి విద్యుత్ కుక్కర్లలో వేసి వదిలేయడం ప్రమాదకరం, కాగితం చెప్పిన పద్ధతి కూడా ఈ కారణంగానే నాకు నచ్చలేదు. నేను ముందు పది పదిహేను నిమిషాలు పెద్ద మంట మీద, తర్వాత మంట తగ్గించి ముప్పావు గంట వరకు ఉడికిస్తాను.

ఎప్పుడు దించాలో తెలుసుకునే పద్ధతి పక్కింటి పెద్దావిడ నేర్పింది. నాలుగైదు గింజలను గరిటెలోకి తీసుకుని నోటితో ఊదాలి, తొక్క చిట్లి వంకీ తిరిగి లేచిందంటే గింజ కుండలోకి వెళ్ళడానికి సిద్ధమైనట్లు. ఈ ప్రాంతపు పాత గృహిణులందరికీ తెలిసిన పరీక్ష ఇది. మొదటిసారి ఆమె వంటగదిలో ఆ పల్చని తొక్కలు ఉల్లిపొరల్లా లేవడం చూసినప్పుడు, చలిమిడి పాకాన్ని నీళ్ళలో వేసి ఉండ కట్టి చూసే మా అమ్మమ్మ కళ్ళ ముందు నిలిచింది.

ఆ తర్వాత పని తేలికే. కుండ అడుగున తొక్క తీసిన ఉల్లిపాయను కోయకుండా ఉంచి, గింజలు పోసి, ఉడికిన నీళ్ళలోనే అరకప్పుకు కాస్త తక్కువగా మొలాసిస్, రెండు పెద్ద చెంచాల గోధుమరంగు పంచదార, ఒకటిన్నర చిన్న చెంచాల ఆవపొడి, ఉప్పు కలిపి గింజలు మునిగేదాకా పోస్తాను. మూత పెట్టి, చల్లని ఓవెన్‌లోనే ఉంచి, 275 డిగ్రీలకు, మన లెక్కలో 135 సెంటీగ్రేడుకు తిప్పుతాను. గంట గంటన్నరకోసారి చూసి, గింజలు పైకి తేలితే మరిగే నీళ్ళు కొద్దిగా చేర్చాలి. ఆఖరి ముప్పావు గంట మూత తీస్తే పైపొర ముదిరి, అంచుల్లో పాకం కట్టి, ఇంటిల్లిపాదీ వంటగది వైపు నడిచేంత వాసన వస్తుంది. గింజలు పాతవైతే ఏ కుండా ఏమీ చేయలేదు. ఎప్పుడో సంచిలో మిగిలిపోయిన గింజలతో ఒకసారి ఆరు గంటలు వృథా చేసుకున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా ఇంట్లో ఉన్న ఏ మూకుడులోనో చేయలేమా, ఈ కుండ ఎందుకు? ఈ ప్రశ్నకు న్యాయం చేయాలని ఒకే రకం గింజలను, ఒకే కొలతలతో, మూడు వేర్వేరు రోజులలో మూడు పాత్రలలో వండాను. బరువైన ఇనుప పాత్రలో గింజలు బాగానే వచ్చాయి, కానీ దాని వెడల్పు మూతి వల్ల నీరు త్వరగా ఇంకి, మూడుసార్లు బదులు ఆరుసార్లు నీళ్ళు పోయవలసి వచ్చింది, అడుగున ఒక చోట మాడింది కూడా. ప్రెషర్ కుక్కర్ నలభై నిమిషాలలో మెత్తబరిచింది గానీ రసం పలచగా, గింజ ఒక రుచి, రసం ఒక రుచిగా మిగిలాయి. ఆ రంగూ రాలేదు. బీన్స్ జాడీలో మాత్రం మందమైన గోడలు వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదిలాయి, ఇరుకు మూతి వల్ల ఆవిరి ఎక్కువగా పోలేదు. రుచిలోని తేడాను మా ఇంట్లో ఈ వంట అంటే పెద్దగా ఇష్టంలేని మా అబ్బాయి కూడా, ఏ పాత్రలోదో చెప్పకుండా పెట్టినప్పుడు, గుర్తుపట్టాడు.

మట్టి, నెమ్మది, రాత్రంతా ఆరని వేడి, ఈ మూడూ మనకు కొత్తవి కావు. కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఉలవచారు గంటల తరబడి ఇంకి చిక్కబడే తీరు ఇదే. మెయిన్ రాష్ట్రంలో అమెరికా మూలవాసులైన పెనోబ్‌స్కాట్ జాతివారి నుంచి వచ్చిన పద్ధతి ఒకటి ఉంది. నేలలో గుంట తవ్వి, రాళ్ళు పరచి, కట్టెలు కాల్చి, నిప్పులు తయారయ్యాక బీన్స్ కుండను అందులో దించి మట్టితో పూడ్చి, మరునాడు తవ్వి తీస్తారు. అడవుల్లో దుంగలు నరికే కూలీల శిబిరాలలో అదే వారి ప్రధానాహారమైంది, ఇప్పటికీ అక్కడి ఊళ్ళ విందులలో అలా వండుతున్నారు. ఆ గుంటను చూస్తే పెరట్లో పిడకల దాలి మీద రోజంతా మరిగి, ఎర్రగా మీగడ కట్టిన పాలు గుర్తుకు రాని తెలుగువారు ఉండరు. మెయిన్‌లో వాడే ‘యెల్లో ఐ’ గింజకు అలసందకు ఉన్నట్లే కన్నువంటి మచ్చ ఉంటుంది, నేవీ గింజ కన్నా కాస్త మెత్తగా, పిండిగా ఉంటుంది. ఈ కుండలో ఆ రెండింటిలో నాకు అదే ఎక్కువ నచ్చింది.

మాంసం తినని మా ఇంటికి పంది కొవ్వు కుదరదు. దాన్ని ఊరికే తీసివేస్తే వంట డొల్లగా మిగులుతుంది, ఎందుకంటే ఆ ముక్క ఇచ్చేది ఉప్పును, మాంసపు రుచిని, గింజలకు మెరుపునిచ్చే జిడ్డును కూడా. కొన్నిసార్లు తప్పి, చివరికి నాలుగు పెద్ద చెంచాల వెన్న, ఒక చిన్న చెంచా పొగబెట్టిన మిరపపొడి దగ్గర స్థిరపడ్డాను. నెయ్యి కూడా వేసి చూశాను, కానీ దాని కమ్మదనం ముందుకు వచ్చి మొలాసిస్‌ను కప్పేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న అనకాపల్లి బెల్లంతో ఒకసారి వండాను. అది చాలా మంచి కూర అయింది, కానీ బోస్టన్ బీన్స్ కాలేదు, మొలాసిస్‌లోని ఆ సన్నని చేదు లేకపోతే తీపికి అదుపు ఉండదు. మూడో విడత కాచిన తర్వాత మిగిలే ‘బ్లాక్‌స్ట్రాప్’ రకం మాత్రం కొనవద్దు, దాని చేదు వంటనంతా మింగేస్తుంది. ఆవపొడి ఘాటు ఎనిమిది గంటల వేడిలో ఎగిరిపోతుంది. అందుకని దించే ముందు మన నల్ల ఆవాల పొడి అరచెంచా చన్నీళ్ళలో నానబెట్టి కలుపుతున్నాను, ఆవపెట్టిన కూర తిన్నవారికి ఆ మార్పు వెంటనే తెలుస్తుంది.

మొలాసిస్ గురించి రాస్తూ ఒక విషయం దాటిపోలేను. బోస్టన్‌కు ఈ నల్లని పాకం అంత చవకగా అందడానికి వెస్టిండీస్ దీవుల చెరకుతోటల్లో బానిసలుగా చేయబడిన ఆఫ్రికన్ల చాకిరీ కారణం. ఆ పాకంతో ఇక్కడ రమ్ము కాచి, ఆ రమ్మును మళ్ళీ బానిస వ్యాపారంలోకి మళ్ళించారు. బ్రిటిష్ ప్రభుత్వం 1733లో, తన ఏలుబడిలో లేని దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద పన్ను వేసింది. 1919 జనవరి 15న బోస్టన్ నార్త్ ఎండ్‌లో సుమారు 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్ నిలవచేసిన తొట్టి పగిలి, ఆ ఉప్పెనలో 21 మంది చనిపోయారు. కుండలోకి చెంచాతో ఒంపుతున్నప్పుడు ఇవి నాకు జ్ఞాపకం వస్తాయి, రావాలనే అనుకుంటాను.

కుండలో లోపాలు లేకపోలేదు. మూత కాస్త వదులుగా ఉండి ఒక వైపు ఆవిరి పోతోంది. అల్యూమినియం రేకు ముక్కను కింద అమర్చి సరిపెట్టుకుంటున్నాను. 58 డాలర్లు తీసుకున్న వస్తువుకు ఈ అవసరం రాకూడదు. మూతను విడిగా అమ్మరని దుకాణంవారు చెప్పారు కనుక అది పగిలితే మళ్ళీ మొత్తం కుండ కొనాలి. మూతి ఇరుకు వల్ల లోపలి అంచున గట్టిపడిన పాకాన్ని కడగడం కష్టం, రాత్రంతా వేడినీళ్ళు పోసి ఉంచి, సీసాలు కడిగే పొడుగు బ్రష్ వాడాలి. పొయ్యి మంట మీద నేరుగా పెట్టరాదు, చల్లని కుండలో సలసల కాగే గింజలు పోయరాదు, వేడి కుండను తడి బండ మీద దించరాదు. నేను ముందు కుండను వేడినీళ్ళతో కడిగి, ఆ తర్వాతే గింజలు పోస్తాను. పాత సామాను దుకాణాలలో ఇలాంటివి పది పదిహేను డాలర్లకే దొరుకుతాయి, చూడడానికి ఇంకా అందంగా కూడా ఉంటాయి, కానీ పాత పూతలలో సీసం ఉండే అవకాశం ఉంది. మొలాసిస్ వంటి పులుపు గుణమున్న పదార్థం గంటల తరబడి వేడిలో ఆ పూతను అంటి ఉంటుంది. వాటిని గూటిలో అలంకారంగా ఉంచుకోండి, వండవద్దు. నా కుండ అడుగున సీసం లేని పూత అని ముద్ర ఉంది, కొనేముందు దాన్ని చూసే తీసుకున్నాను.

బోస్టన్‌లోని ఫానెయిల్ హాల్ అనే పాత సంత భవనం పక్కన ఈ బీన్స్‌కు పేరుపడ్డ డర్గిన్ పార్క్ భోజనశాల 2019 జనవరిలో మూతపడింది. నగరానికే బీన్‌టౌన్ అని ముద్దుపేరు ఉన్నా, కుండలో కాలిన బీన్స్ బోస్టన్ హోటళ్ళలో అడిగిన ప్రతిచోటా దొరకవు. కావలసినవారు ఇంట్లో వండుకోవడమే మేలు. నలుగురికి మించి ఉన్న కుటుంబం, వారాంతంలో ఒక రోజంతా ఇంట్లో ఉండగలిగే మనిషి ఈ కుండను కొనవచ్చు. ఇద్దరే ఉన్నవారికి, ఏడాదికి ఒకసారి వండేవారికి ఇంట్లో ఉన్న బరువైన మూతపాత్ర, కాస్త ఎక్కువ నీళ్ళు చాలు. చిన్న కుండ మాత్రం కొనవద్దు, ఒక పౌను గింజలు ఉడికి పొంగి, పైన నీళ్ళు నిలవడానికి ఈ రెండున్నర క్వార్టులు కచ్చితంగా పడతాయి.

నేను ఇప్పటికీ శనివారమే వండుతాను. సాయంత్రం మొక్కజొన్న పిండి, రై పిండి, గోధుమపిండి కలిపి ఆవిరి మీద ఉడికించే బ్రౌన్ బ్రెడ్‌తో తింటాం. మిగిలినది కుండతో సహా ఫ్రిజ్‌లో పెట్టకుండా, వేరే గిన్నెలోకి తీసి చల్లబరచి ఉంచుతాను. ఆదివారం ఉదయానికి రసం ఇంకా చిక్కబడి, రుచి ముందురోజు కన్నా బాగుంటుంది. కుండను కడిగి, ఒక రోజంతా బోర్లించి ఆరబెట్టి, మూతను పక్కకు జరిపి పెడతాను, ఎందుకంటే పూత లేని అడుగుభాగం తడిని పీల్చుకుంటుంది. ఆరకుండా మూత బిగిస్తే తర్వాతి శనివారానికి బూజు వాసన వస్తుంది.